హంతకుని లెక్కపుస్తకము

పండుగ సంచికలో హత్యల కథ ఏల అని సోదర సభ్యులు కొందరు అడుగవచ్చును. ఉగాది పచ్చడిలో మనము బెల్లముతోపాటు వేపపువ్వును కూడ వేసుకుంటాము. యూదులకు కూడ ఇటువంటి ఆచారము ఒకటి ఉన్నది. వసంతకాలములో వచ్చే పస్కా పండుగ రాత్రి, తమ పూర్వులు ఐగుప్తు దేశములో బానిసలై పడిన బాధను మరువకుండుటకై, వారు భోజనములో చేదు ఆకుకూర తింటారు. 1943 ఏప్రిల్ 19వ తేదీ సాయంకాలము ఆ పండుగ ప్రవేశించవలసి ఉన్నది. ఆనాటి ఉదయమే పోలండు దేశపు రాజధాని వార్సాలో, యూదులను బంధించిన పేటలోనికి జర్మను సేన ప్రవేశించినది. లోపలివారు తిరుగబడినారు. ఆ తిరుగుబాటును గూర్చి, దానిని అణచిన హంతకుడు స్వయముగా వ్రాసి పెట్టిన సాక్ష్యమును గూర్చి ఈ వ్యాసములో నాలుగు మాటలు చెప్పదలచినాము.

మేము చరిత్రకారులము కాము. మెట్రిక్కు వరకు చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకునేవారము. ఐనను లెక్కలు వ్రాయుట, ఒకరు వ్రాసిన లెక్కను మరొకరు తనిఖీ చేయుట మాకు నిత్యకృత్యము. హంతకుడు వ్రాసిన లెక్కను ఎట్లు చదువవలెను, దానిలో ఏది నమ్మవలెను, ఏది నమ్మరాదు అన్నదే ఇక్కడి ప్రశ్న. ఈ ప్రశ్న వార్సాకు మాత్రమే చెందినది కాదు. మన కోలారు సీమకును చెందినదే. ఆ సంగతి చివర చెప్పుతాము.

గోడ వెనుక పేట

1939 సెప్టెంబరులో హిట్లరు సేనలు పోలండును ఆక్రమించినవి. మరుసటి ఏడు అక్టోబరులో వార్సాలోని యూదులందరును ఒకే పేటకు పోయి కాపురముండవలెనని ఉత్తర్వు వచ్చినది. ఇట్టి పేటకే ఘెట్టో అని పేరు. నవంబరు నడుమ దాని చుట్టు గోడ మూసివేసినారు. గోడ ఎత్తు పది అడుగులు, పైన ముళ్ళతీగ. నగర జనాభాలో మూడవ వంతుకు సమీపముగా ఉన్న జనమును నగర విస్తీర్ణములో నూటికి రెండున్నర పాలు కూడ లేని చోట కుక్కినారు. ఒక దశలో లోపల 4 లక్షలకు మించిన జనము ఉండినారు. వారికి కట్టిన రేషను చంటిబిడ్డకు కూడ చాలదు. 1942 నడిమి వరకు ఆకలికి, టైఫసు జ్వరమునకు సుమారు 83,000 మంది చనిపోయినారు.

1942 జూలై 22న రైళ్ళు మొదలైనవి. తూర్పు దిక్కున పని చూపుతాము, రొట్టె ఇస్తాము అని ప్రకటించి, పేట అంచున ఉన్న రైలుకట్ట దగ్గరకు జనమును తోలుకొనిపోయి, సరకుల వ్యాగన్లలో ఎక్కించినారు. సెప్టెంబరు నడుమకు, అనగా రెండు నెలలు నిండకముందే, సుమారు 2,65,000 మందిని పంపినారు. ఆ రైళ్ళు పోయినది వార్సాకు ఈశాన్యమున ఉన్న ట్రెబ్లింకాకు. అక్కడ పని లేదు, రొట్టె లేదు. విషవాయువు గదులు మాత్రమే ఉన్నవి. దిగిన గంట రెండు గంటలలోనే దాదాపు అందరును చచ్చిపోయేవారు.

రైల్వేవారము గనుక ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. ఈ రైళ్ళు దొంగచాటు రైళ్ళు కావు. టైంటేబులు ఉన్నవి, నెంబర్లు ఉన్నవి, చార్జీలు ఉన్నవి. జర్మను రైల్వే ఈ ప్రయాణములకు మూడవ తరగతి చార్జీని కిలోమీటరు లెక్కన వసూలు చేసినది. పదేండ్లకు లోబడిన పిల్లలకు అరటిక్కెట్టు. నాలుగేండ్లకు లోబడినవారికి ఉచితము. నాలుగు వందలకు మించిన గుంపైతే సగము రాయితీ. ఎక్కినవారికి పోవుటకు మాత్రమే చార్జీ, కావలి భటులకు రానుపోను చార్జీ. ఈ వివరము చదివిననాడు మేము కాగితము క్రింద పెట్టి చాలాసేపు ఊరకుండినాము. అరటిక్కెట్టు వయస్సు మేమును దినము చూచేదే. బిల్లు సక్రమముగా ఉన్నంతమాత్రమున పని సక్రమమైనది కాదని ఇంతకంటె స్పష్టముగా చెప్పగల దృష్టాంతము మాకు తోచదు.

తిరుగుబాటు

రైళ్ళు ఎక్కడికి పోతున్నవో మెల్లగా తెలిసినది. పడుచువారు కొందరు యోధుల సంఘముగా ఏర్పడినారు. వారి నాయకుడు మొర్దెకాయ్ అనీలెవిచ్ 1919లో పుట్టినవాడు, అనగా తిరుగుబాటునాటికి నిండా పాతికేండ్లు లేవు. ఈ సంఘములో సుమారు 500 మంది, వేరొక సైనిక సంఘములో సుమారు 250 మంది ఉండినారు. ఆయుధములా, కొన్ని పిస్తోళ్ళు, ఇంటిలో చేసుకున్న బాంబులు, పెట్రోలు పోసిన సీసాలు. 1943 జనవరి 18న జర్మనులు మరల జనమును పట్టుకొనిపోవ వచ్చినప్పుడు వీరు తొలిసారి కాల్పులు జరిపినారు. నాలుగు దినములకు జర్మనులు ఆ పని ఆపుకున్నారు. అది చూచి మిగిలిన జనమునకు ధైర్యము వచ్చినది. ఇండ్ల క్రింద నేలమాళిగలు త్రవ్వుకొని, తిండి నీరు దాచుకొని, దాగుటకు సిద్ధపడినారు.

ఏప్రిల్ 19న ప్రవేశించిన సేనమీద మేడలపైనుండి సీసాలు, బాంబులు పడినవి. టాంకుకు రెండుమారులు నిప్పంటుకున్నది. సేన వెనుకకు తగ్గినది. ఆ పూటనే పాత సేనాధిపతిని తొలగించి యుర్గెన్ ష్ట్రోప్ అనువానికి అధికారము ఇచ్చినారు. మురనోవ్‌స్కీ చౌకములోని ఒక ఎత్తైన మేడమీద యోధులు రెండు జెండాలు ఎగురవేసినారు. ఒకటి పోలండు జెండా, ఒకటి యూదుల జెండా. వాటిని దించుటకు ష్ట్రోప్ ప్రత్యేక దళమును పంపవలసి వచ్చినది.

ఎదురుగా నిలిచి పోరాడి పేటను పట్టుట కష్టమని తోచి, ష్ట్రోప్ ఇంటింటికి నిప్పు పెట్టించినాడు. నేలమాళిగలలోనికి పొగ వదలినాడు. మురుగు కాలువలను కూడ విడువలేదు. మే 8న మీలా వీధి 18వ నెంబరు ఇంటి క్రింది మాళిగను చుట్టుముట్టగా, అనీలెవిచ్‌తోపాటు అక్కడివారిలో చాలామంది ప్రాణములు విడిచినారు. కొందరు మురుగు కాలువల గుండ తప్పించుకున్నారు. వారిలో మారెక్ ఎడెల్మన్ అనునాయన తరువాత పోలండులోనే ప్రసిద్ధ హృద్రోగ వైద్యుడై 2009 వరకు జీవించినాడు. మే 16 రాత్రి ఎనిమిదింబావుకు వార్సాలోని పెద్ద యూద మందిరమును ష్ట్రోప్ మందు పెట్టి పేల్చివేయించి, పని ముగిసినదని పైవారికి తెలియజేసినాడు.

ఆ పుస్తకము

ఇక ఈ ష్ట్రోప్ ఎవడు? 1895లో జర్మనీలోని డెట్మోల్డ్ పట్టణములో ఒక పోలీసు ఉద్యోగికి పుట్టినాడు. పెద్ద చదువు లేదు. భూముల కొలతల రికార్డు కచేరీలో గుమాస్తాగా చేరినాడు. మొదటి ప్రపంచయుద్ధములో సైనికుడై పోయి, తిరిగివచ్చి ఆ కచేరీలోనే కూర్చున్నాడు. 1932లో హిట్లరు పార్టీలో చేరినాడు. పదేండ్లు దాటునప్పటికి పోలీసు మేజర్ జనరల్ అంతటివాడైనాడు. రాక్షసుడు అనగానే మన మనస్సులో కోరలు కొమ్ములు మెదలుతవి. వీడు చేనుల సరిహద్దులను రిజిష్టరులో ఎక్కించుకుంటూ బ్రతికిన గుమాస్తా.

గుమాస్తా అలవాటు వానిని విడువలేదు. ప్రతిదినము క్రాకోవులోని తన పై అధికారి క్రూగరుకు తంతి ద్వారా నివేదిక పంపినాడు. ఎన్ని మాళిగలు పట్టినది, ఎందరిని పట్టినది, ఎందరిని చంపినది, తనవైపు ఎందరికి గాయమైనది, రేపు ఏమి చేయబోవునది, అన్నియు అందులో ఉన్నవి. పని ముగిసిన తరువాత ఈ తంతులన్నిటిని చేర్చి, ముందు ఒక ఉపోద్ఘాతము వ్రాసి, వెనుక సుమారు 50 ఛాయాచిత్రములు అంటించి, తోలు అట్ట వేయించి, అందమైన పుస్తకముగా కట్టించినాడు. వార్సాలో యూదుల పేట ఇక లేదు అనే అర్థము వచ్చునట్లు దానికి శీర్షిక పెట్టినాడు. ఒక ప్రతి హిమ్లరుకు కానుకగా పోయినది. మనము పెండ్లి ఆల్బము కట్టించుకున్నంత ప్రీతితో వాడు దీనిని కట్టించుకున్నాడు.

రెండేండ్లకు జర్మనీ ఓడిపోయినది. పుస్తకము అమెరికనుల చేత చిక్కినది. 1945 డిసెంబరులో న్యూరెంబర్గు విచారణలో ప్రాసిక్యూషను వారు దానిని న్యాయమూర్తుల ముందు పెట్టినారు. గొప్ప చెప్పుకొనుటకు వ్రాసిన పుస్తకమే మెడకు ఉరి అయినది.

తనిఖీ

ఇప్పుడు ఆ లెక్కను తనిఖీ చేయుదము. మా పద్ధతి ఇది: అంకెలు ఒకవైపు, మాటలు ఒకవైపు పెట్టుకొనుట.

మాటలలో ష్ట్రోప్ తన ఎదుటివారిని బందిపోట్లనియు, మనుష్యులకంటె తక్కువవారనియు వ్రాసినాడు. తాను చేసినది గొప్ప యుద్ధమని చెప్పినాడు. అంకెలలో ఏమున్నది? పట్టుబడినవారి మొత్తము 56,065. దొరికిన ఆయుధములు తుపాకులు 9, పిస్తోళ్ళు 59, మరికొన్ని వందల చేతిబాంబులు, సీసాలు. తుపాకులు పిస్తోళ్ళు కూడితే 68. అనగా 824 మందికి ఒకటి. యోధులు పట్టుబడక ముందే ఆయుధములను పారవేసేవారని అతడు సమాధానము చెప్పుకున్నాడు. సరే, ఆ మాటను ఒప్పుకొని అంకెను పదింతలు చేసినను 82 మందికి ఒక్కటి వస్తుంది. తక్కిన 81 మంది ఎవరు? తల్లులు, పిల్లలు, ముసలివారు, రోగులు. బందిపోట్లు అన్న మాట అతని పుస్తకములోని అంకె ముందరనే నిలువలేకపోయినది.

తనవైపు చనిపోయినవారు ఇరువదికి లోపే అని కూడ అతడే వ్రాసినాడు. ఒకవైపు అరువదివేలకు దగ్గర, మరొకవైపు ఇరువదికి లోపు ఉన్నదానిని గొప్ప యుద్ధమని ఏ సైనికుడును అనడు.

ఐతే అంకెలు ఇంకొక సంగతి కూడ చెప్పుతవి. ఈ పనికి మొదట వేసుకున్న అంచనా మూడు దినములని ఉపోద్ఘాతములో ఉన్నది. పట్టినది 28 దినములు. దినమునకు సగటున 2,000 మందికి పైగా సేన పనిచేసినది. 631 మాళిగలను ఒక్కొక్కటిగా వెదకి పట్టవలసి వచ్చినది. యూదులు గొఱ్ఱెలవలె చావుకు పోయినారని అనువారికి శత్రువు వ్రాసిన ఈ లెక్కయే జవాబు. ఆడపిల్లలు కూడ రెండు చేతులలో పిస్తోళ్ళు పట్టి కాల్చినారని అతడు వ్రాయక తప్పలేదు. శత్రువును తక్కువ చేసి వ్రాయవలెనన్న కోరిక ఒకటి, తన పనిని ఎక్కువ చేసి చూపవలెనన్న కోరిక ఒకటి. రెండింటికి పొత్తు కుదరక నిజము బయటపడినది.

ఇక మొత్తమును విడదీసి చూడుదము. 56,065లో సుమారు 7,000 మందిని పేటలోనే చంపినామని ఉన్నది. 6,929 మందిని 'టి 2'కు పంపి నాశనము చేసినామని ఉన్నది. 'టి 2' అనగా ట్రెబ్లింకా. ఒక పొడి అక్షరము, ఒక అంకె, అంతటితో ఏడువేలమంది సరి. ఈ రెండును తీసివేస్తే మిగులు సుమారు 42,000. వీరిలో అత్యధికులను లుబ్లిన్ ప్రాంతపు బానిసకూలీ శిబిరములకు తోలినారు. 1943 నవంబరు 3, 4 తేదీలలో ఆ శిబిరములవారిని గోతుల దగ్గర నిలబెట్టి కాల్చివేసినారు. ఆ పనికి జర్మనులు పెట్టిన గుప్తనామము 'కోతల పండుగ'. మొత్తమునకు వెలుపల మరి అయిదారువేలమంది మంటలలోను పేలుళ్ళలోను పోయియుందురని ష్ట్రోప్ అంచనా వేసినాడు. వారిని లెక్కించుటకు శవములు కూడ చిక్కలేదు.

ఛాయాచిత్రములను కూడ ఇట్లే చదువవలెను. లోకమంతటా పరిచితమైన చిత్రము ఒకటి ఈ పుస్తకములోనిదే. టోపి పెట్టుకొని, పొట్టి లాగు తొడుగుకొని, రెండు చేతులు పైకెత్తి నిలిచిన చిన్న బాలుడు. వెనుక తుపాకి పట్టిన సైనికుడు. మాళిగలనుండి బలవంతముగా వెలికితీసినవారు అని ష్ట్రోప్ దాని క్రింద వ్రాయించినాడు. తన విజయమునకు గుర్తుగా పెట్టిన ఆ బొమ్మను చూచి నేడు జనము బాలుని తరఫున కన్నీరు పెట్టుతున్నారు. తుపాకి పట్టినవాడు యోసెఫ్ బ్లోషె. యుద్ధము ముగిసిన ఇరువదేండ్లు దాటిన తరువాత తూర్పు జర్మనీలో వాడు పట్టుబడినప్పుడు ఆ చిత్రము కూడ వాని మీద సాక్ష్యమైనది. 1969లో వానికి మరణశిక్ష అమలు జరిగినది.

నోరు మారిన విధము

పుస్తకము వ్రాసినప్పుడు ష్ట్రోప్ విజేత. 1945లో అమెరికనులకు మారుపేరుతో పట్టుబడినప్పుడు బందీ. 1946లో ప్రమాణపత్రము వ్రాసి ఇచ్చినప్పుడు, కాల్చివేతలన్నియు బెర్లినులోని పై కచేరీ ఉత్తర్వులే అని మాట మార్చినాడు. మూడేండ్ల క్రిందట పుస్తకము నిండ తన కీర్తియే వినిపించగా, ఇప్పుడు 'పైవారు' అన్న మాట వినిపించినది. ఫలము పంచుకొనునప్పుడు తాను, నింద వచ్చునప్పుడు పైవారు. ఈ వ్యాకరణము మన కచేరీలలో కూడ అప్పుడప్పుడు వినబడునదే.

పిమ్మట వానిని పోలండుకు అప్పగించినారు. 1949లో వార్సాలోని మొకొతూవ్ జైలులో ఒక విచిత్రము జరిగినది. కజీమియెష్ మొచార్స్కి అనునాయన యుద్ధకాలములో జర్మనుల మీద రహస్యముగా పోరాడిన పోలిష్ దేశభక్తుడు. యుద్ధానంతరము వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వము ఆయననే జైలులో పెట్టి, హింసించి, చాలదన్నట్లు ష్ట్రోప్ ఉన్న కొట్టులో వేసినది. మార్చి 2 మొదలు నవంబరు 11 వరకు 255 దినములు హంతకుడు, దేశభక్తుడు ఒకే కొట్టులో ఉండినారు. ఆయన కోపమును దిగమ్రింగి హంతకుని చేత మాటలాడించినాడు. బాల్యము, తండ్రి, ఉద్యోగము, పార్టీ, వార్సా అన్నియు అడిగినాడు. న్యాయస్థానములో దాచవలసిన మాటలను ష్ట్రోప్ కొట్టులో దాచలేదు. యూద మందిరమును పేల్చిన క్షణమును మిక్కిలి ఆనందముగా తలచుకున్నాడు. మొచార్స్కి 1956లో విడుదలై, ఆ సంభాషణలను జ్ఞాపకము మీద వ్రాసినాడు. అవి 1972 మొదలు పత్రికలో వెలువడినవి. 1975లో ఆయన పోయినాడు, 1977లో పుస్తకము వచ్చినది.

ష్ట్రోప్ మీద విచారణ 1951 జూలైలో వార్సాలో జరిగినది. 1952 మార్చి 6న వానిని ఆ నగరములోనే ఉరి తీసినారు.

చచ్చినవారి కాగితములు, ఒక రైల్వే సోదరుడు

హంతకుని పుస్తకమొక్కటే మిగిలియుండినచో చచ్చినవారు అంకెలుగానే మిగిలేవారు. అట్లు కాకుండ చేసినవాడు ఎమాన్యుయెల్ రింగెల్బ్లూమ్ అను చరిత్ర పంతులు. ఘెట్టోలో ఆకలితో ఉంటూనే ఆయన కొందరిని కూడగట్టి, దినచర్యలు, ఉత్తరములు, బడిపిల్లల వ్రాతలు, రేషను కార్డులు, గోడ ప్రకటనలు, ఏది దొరికితే అది సేకరించినాడు. వాటిని తగరపు పెట్టెలలోను పాలబిందెలలోను పెట్టి భూమిలో పాతిపెట్టినారు. 1944లో ఆయనను జర్మనులు కాల్చి చంపినారు. 1946 సెప్టెంబరులో పెట్టెలు, 1950 డిసెంబరులో రెండు పాలబిందెలు శిథిలముల క్రింద దొరికినవి. హంతకుడు 56,065 అని ఒక్క అంకె వేసినచోట, ఈ కాగితములలో పేర్లు, వీధులు, వంటలు, జగడములు, ముద్దుమాటలు ఉన్నవి.

మరొకరిని తలచకపోతే మా ఉద్యోగమునకు ద్రోహము చేసినవారమవుతాము. ట్రెబ్లింకా గ్రామపు స్టేషనులో ఫ్రాంచిషెక్ జోంబెట్స్కి అను పోలిష్ ఉద్యోగి రైళ్ళ రాకపోకలు చూచేవాడు. లోలోపల ఆయన రహస్య ప్రతిఘటన దళములోనివాడు. తన కన్నుల ముందర నిండుగా పోయి ఖాళీగా తిరిగివచ్చుచున్న వ్యాగన్లను లెక్కించినాడు. ఎక్కడినుండి వచ్చినవో, ఎన్ని పెట్టెలో, లోపల ఎందరని సుద్దముక్కతో వ్రాసియున్నదో గుర్తుపెట్టుకున్నాడు. జర్మనులు వెనుదిరిగిన కాలములో కొన్ని వే బిల్లులను తీసి దాచినాడు. యుద్ధానంతరము జర్మనీలోని డ్యూసెల్డోర్ఫ్ న్యాయస్థానములో సాక్షియై నిలబడినాడు.

ఆయనకు ఎదురుగా ఇంకొక రైల్వే ఉద్యోగిని పెట్టి చూడుడు. వాల్టర్ స్టీర్ అను జర్మను పెద్ద ఉద్యోగి పోలండులో ఈ ప్రత్యేక రైళ్ళ టైంటేబుళ్ళు వేసే శాఖలో ఉండినాడు. 1985లో విడుదలైన 'షోవా' అను చిత్రములో ఆయన, తాను బల్లముందర కాగితములు చూచుకొనువాడనే గాని ట్రెబ్లింకాకు ఎన్నడును పోలేదని చెప్పినాడు. ఇద్దరి యెదుటను అవే రైళ్ళు, అవే నెంబర్లు. ఒకడు కాగితమును చాటు చేసుకున్నాడు. మరొకడు కాగితమును సాక్షిగా దాచినాడు. బంగారుపేట మొదలు మారికుప్పము వరకు ఉన్న మన చిన్న లైనులో పనిచేయువారికి కూడ ఈ ఇద్దరి కథ తెలిసియుండుట మంచిదని మా అభిప్రాయము.

మన సీమ మాట

ఇదంతయు దూరదేశపు గొడవ అనుకొనవద్దు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో కాల్పులు జరిపించిన డయ్యరు దొర, ఆ నవంబరులో లాహోరులో హంటరు కమిటీ ముందు తన నోటితోనే సాక్ష్యమిచ్చినాడు. 1,650 గుండ్లు కాల్పించినానని చెప్పినాడు. ఫిరంగి బండ్లు సందులో పట్టియుంటే మరతుపాకులు కూడ వాడియుందునని ఒప్పుకున్నాడు. సర్కారు వారి లెక్కలో చనిపోయినవారు 379. కాంగ్రెసు వారు దానికంటె చాల ఎక్కువ అన్నారు. చచ్చినవారి సంఖ్య మీద నేటికిని తగవు ఉన్నది. పేల్చిన గుండ్ల సంఖ్య మీద తగవు లేదు. పేల్చినవాడు చెప్పినాడు గనుక.

మన కోలారు జిల్లాలోను అట్టి దినము ఒకటి ఉన్నది. 1938 ఏప్రిల్ 25న గౌరిబిదనూరు దగ్గర, ఉత్తర పినాకినీ తీరమున ఉన్న విదురాశ్వత్థములో, నిషేధపు ఉత్తర్వును లెక్కచేయక కాంగ్రెసు జెండా ఎత్తుటకు కూడిన జనము మీద మైసూరు సంస్థానపు పోలీసులు కాల్పులు జరిపినారు. ఆ ఊరు అప్పుడు కోలారు జిల్లాలోనిది, 2007 నుండి చిక్కబళ్ళాపుర జిల్లాలోనిది. తెలుగు, కన్నడము కలిసి మాట్లాడే సీమ. ముప్పదిమందికి పైగా చనిపోయినారని జనము చెప్పినారు. సర్కారు లెక్క అంతకు చాల తక్కువ. విచారణకు దివాను మీర్జా ఇస్మాయిలు ప్రభుత్వము వేసిన సంఘమునకు మదరాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి, మన తెలుగువారైన సర్ వేపా రామేశముగారు అధ్యక్షులు. వల్లభభాయి పటేలు, కృపలానీగార్లు మైసూరుకు వచ్చినారు. కాంగ్రెసు జెండాను సంస్థానపు జెండాతోపాటు ఎగురవేయవచ్చునని మే నెలలో ఒడంబడిక కుదిరినది.

వార్సాను విదురాశ్వత్థమును ఒకే త్రాసులో పెట్టుట మా ఉద్దేశము కాదు. అక్కడ ఒక జాతిని పసిబిడ్డతో సహా లేకుండ చేయుటకు రాజ్యమే పూనుకున్నది. ఇక్కడ ఒక సంస్థానపు పోలీసులు ఒక దినమున జనము మీద కాల్చినారు. కొలత వేరు, ఉద్దేశము వేరు. ఐనను జెండాను చూచి అధికారము బెదరుట రెండుచోట్లను ఉన్నది. కాల్చినవాని లెక్క, కాల్పబడినవారి లెక్క వేరుగా ఉండుటయు రెండుచోట్లను ఉన్నది. అక్కడ హంతకుని పుస్తకము ఎదుట నిలుచుటకు పాలబిందెల కాగితములు ఉన్నవి. ఇక్కడ మనవైపు కాగితములు ఎన్ని ఉన్నవి?

ఆనాడు విదురాశ్వత్థమునకు పోయినవారిలో ఇప్పుడు మిగిలినవారు అరుదు. వారి బిడ్డలు, మనుమలు మన ఊళ్ళలో ఉన్నారు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడిన తరువాత మనవారు కూడ చెదరి తలొక దిక్కు పోతున్నారు. తాతలు చెప్పిన మాటలు, పాత ఉత్తరములు, ఛాయాచిత్రములు ఇంటి సామానుతోపాటు పోకముందే ప్రతి కుటుంబమువారును నాలుగు పుటలు వ్రాసి తేదీ వేసి మన సంఘమునకు ఇచ్చినచో, ఒక బీరువా నింపుటకు పెద్ద ఖర్చు కాదు. చదువు చాలదని ఎవరును వెనుదీయనక్కరలేదు. రింగెల్బ్లూమ్ పెట్టెలలో బడిపిల్లల వ్రాతలు కూడ ఉన్నవి.

వార్సాలో అంత ఘోరము జరుగలేదని బుకాయించువారు నేటికిని అక్కడక్కడ ఉన్నారు. వారికి యూదులు జవాబు చెప్పనక్కరలేదు. చేసినవాడే తోలు అట్ట వేయించి, సంతకము పెట్టి, జవాబు వ్రాసిపోయినాడు. దానిని తనిఖీ చేసి చదువుట మాత్రము మన వంతు.